మానని సొనపుండు

"...సొనపుండు కాదత్తా ఇది, ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

"ఇరవై ఆరేళ్ళుగా కాయ తుంచుతున్నాను. సొన సంగతి నువ్వు చెప్తావా నాకు?"

ఆగస్టు నెల. సీతారావమ్మ జాకెట్టు మార్చుకుంటుండగా కోడలు శిరీష చూసేసింది.

ఆగిరిపల్లి మామిడితోటల్లో, కాయ తుంచే షెడ్డులో, కోతల కాలమంతా సీతారావమ్మ మాటే చెల్లేది. బంగినపల్లి కాయ ముచ్చిక విరిచి, సొన నేలమీదికి కారేలా బోర్లించడం కొత్తగా వచ్చిన విజయలక్ష్మికి ఆమే నేర్పింది. ఒంటిమీద చిమ్మి కాలితే కొబ్బరినూనె రాసేది. "పదిరోజుల్లో పొట్టు రాలిపోద్ది," అనేది. రాలిపోయేది కూడా.

మే నెలలో ఎడమ రొమ్ము ఎర్రబడింది. కాయల ట్రే గుండెకు ఆనించుకుని మోసేది కాబట్టి సొనే అనుకుంది. నూనె రాసింది. ఎందుకైనా మంచిదని గడ్డేమైనా ఉందేమో నొక్కి చూసుకుంది. తగల్లేదు.

కోతలు అయిపోయాయి. ఎరుపు పోలేదు. రొమ్ము బరువెక్కి, వెచ్చగా ఉండేది. చర్మం దళసరెక్కి బత్తాయి తొక్కలా సన్నని గుంటలు పడింది. చనుమొన లోపలికి పోయింది. పైట నిండుగా కప్పుకుని నాట్లకు వెళ్ళింది.

"షెడ్డు మూసి రెండు నెలలైంది. ఇంకా సొన ఎక్కణ్ణుంచి వచ్చిందత్తా?" అంది శిరీష.

సీతారావమ్మ జాకెట్టు గుండీలు పెట్టుకుంది.

శిరీష పట్టుబట్టి తీసుకెళ్ళిన బెజవాడ ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. స్కానింగులు తీశారు.

"గడ్డ ఉండాలనే లేదమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ రకం క్యాన్సర్ ఇలా ఎరుపుతో, వాపుతోనే మొదలవుతుంది. ఇప్పుడు కాలేయానికి పాకింది. మందులతో అదుపు చేయడానికి చూస్తాం. పూర్తిగా నయం చేయలేం."

"మే నెల్లోనే వచ్చుంటేనండీ?" శిరీష అడిగింది.

"నయం చేయడానికే ప్రయత్నించేవాళ్ళం."

తిరుగు బస్సులో అంది సీతారావమ్మ:

"విజయలక్ష్మి కూడా చూపించిందే. దానికీ రొమ్ముమీదే ఎరుపు. నూనె రాయమన్నాను."

"తగ్గిందా?"

"అడగలేదు."

ఇంటి దగ్గర భర్త బుచ్చయ్య అంతా విన్నాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊళ్ళో ఎవరికీ చెప్పమాకండి. పుండని చెబితే చాలు."

సీతారావమ్మ కోడలివైపు తిరిగింది.

"పుండనే కదే నేనిన్నాళ్ళూ చెప్పింది. రేపు పొద్దున్నే షెడ్డు ఆడోళ్ళందర్నీ మనింటికి పిలువు. తలుపేసి, జాకెట్టు విప్పి చూపిస్తాను. ముందు విజయలక్ష్మిని తీసుకురా."