సారు పుచ్చుకున్న తీర్థం

ఈ అరబ్బు దేశంలో సులైబియా అనే చోట ఒక గోడౌన్‌లో నేను ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. విదేశీ సైన్యం క్యాంపులకు వెళ్ళే సామాను మా దగ్గర దిగి, మళ్ళీ లారీలకెక్కుతుంది. రెండేళ్ళ కిందటి దాకా మాకు సూపర్‌వైజర్‌గా ఒక అమెరికన్ ఉండేవాడు. నలభై దాటిన మనిషి. కుర్రతనంలో సైన్యంలో చేరి, ఇరాక్ యుద్ధంలో బండి నడిపాడట. మేమంతా సారు అనేవాళ్ళం. ఎవరినీ గొంతెత్తి ఒక మాట అని ఎరగడు.

ఒక జూలై మధ్యాహ్నం ఆయన పక్కన నిలబడి పెట్టెలు సరిచూస్తున్నాను. గేటు దగ్గర ట్యాంకర్ టైరు పేలింది. ఏం జరిగిందో తెలిసేలోపే నేను సిమెంటు నేల మీద బోర్లా పడి ఉన్నాను. నా మీద సారు పడుకుని, రెండు చేతులతో నా తల కప్పేశాడు. ఆయన గుండె నా వీపుకు కొట్టుకుంటోంది. "లేవద్దు, లేవద్దు" అంటున్నాడు. నన్ను కొట్టాడనే అనుకున్నాను.

లారీ నడిపే కడప భాయ్ పరుగున వచ్చి, "టైరు సార్, టైరంతే" అని ఆయన భుజం పట్టి లేపాడు. సారు లేచి నా చొక్కాకంటిన దుమ్ము దులిపాడు. తర్వాత కంటైనర్ల వెనక్కి వెళ్ళి కూర్చుండిపోయాడు.

నేను మోచెయ్యి చూసుకుంటూ గొణుగుతుంటే భాయ్ కసిరాడు. "నిన్ను కొట్టల్యారా ఆయప్ప. నీకు తగలాల్సింది తనకు తగలనీ అని నీ మీద పన్యాడు. ఆయప్పకు యుద్ధం ఇంగా అయిపోలా."

నాకోసం చావడానికి సిద్ధపడిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. మరునాడు టీ తీసుకెళ్ళి ఇచ్చాను. అప్పుడు చెప్పాడు. యుద్ధంలో ఒకరోజు బండి నడపవలసిన వంతు ఆయన స్నేహితుడిది. ఆరోజు సారు తానే నడుపుతానని పట్టుబట్టాడు. స్నేహితుడు పక్క సీట్లో కూర్చున్నాడు. రోడ్డు మీద పెట్టిన బాంబు ఆ పక్కనే పేలింది. స్నేహితుడు అక్కడే పోయాడు. "ఇరవై ఏళ్ళుగా రోజూ ఆ బండి నడుపుతూనే ఉన్నాను" అన్నాడు. మాత్రలున్నాయి, డాక్టర్లున్నారు, నిద్ర మాత్రం లేదు.

చలికాలం మొదట్లో సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళి, నెలన్నర తర్వాత తిరిగొచ్చాడు. మనిషి కొంచెం చిక్కాడు. కళ్ళలో ఏదో తేటదనం. టీ తాగుతూ, తనలాంటి మాజీ సైనికులే తనను ఒక చిన్న ప్రార్థనా మందిరానికి తీసుకెళ్ళారని చెప్పాడు. అడవి తీగనూ ఆకులనూ కలిపి కాచిన చేదు కషాయం అక్కడ తీర్థం. మనసును లోపలి నుంచి తెరిచేస్తుందట.

"మత్తుమందా సార్?" భయంగా చుట్టూ చూశాను. ఈ దేశంలో ఆ మాటే ప్రమాదం.

"ఇక్కడ నేరం. మా దగ్గర ఆ మందిరంలో ప్రార్థనకైతేనే అనుమతి, గడప దాటితే నేరమే. ఒక్క ఆకు కూడా తేలేదు, భయపడకు" అని నవ్వాడు. "సరదాకి తాగేది కాదది. ముందు గుండె పరీక్ష చేశారు. డాక్టరు దగ్గరుండి మాత్రలు మాన్పించాడు. పెద్దలు పక్కనే కూర్చుని పాటలు పాడారు. నేను కక్కుకున్నాను, ఏడ్చాను, చచ్చిపోతున్నాననుకున్నాను."

"తర్వాత?"

"వాడు కనిపించాడు. పక్క సీట్లో కాదు, రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. 'నేను ఎప్పుడో దిగిపోయాను. నువ్వింకా స్టీరింగ్ వదలవేం?' అన్నాడు."

నేను నా గ్లాసు కింద పెట్టేశాను. ఆయన మామూలుగా టీ తాగాడు. పదిహేను రోజుల తర్వాత ఒక కోరిక కోరాడు. ఉత్తరాన ఇరాక్ సరిహద్దుకు పోయే రోడ్డు మీద తనను తీసుకెళ్ళాలట. యుద్ధానికి ఆ రోడ్డు మీదనే వెళ్ళాడు. మళ్ళీ ఇన్నేళ్ళలో అటు తిరగలేదు.

శుక్రవారం పొద్దు తిరిగాక ఆయన కారులో బయలుదేరాం, నడిపేది నేను. జహ్రా ఊరు దాటి ముత్లా గుట్ట ఎక్కుతుంటే ఆయన ముఖం పాలిపోయింది. "వెనక్కి తిప్పనా సార్?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వానలు బాగా పడిన ఏడాది అది. గుట్ట దిగాక ఎడారి నిండా పసుపు పూలు. ఒకచోట ఆపమన్నాడు. దిగి పూల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు. వాళ్ళ దగ్గర అప్పుడు తెల్లవారి ఉంటుంది.

స్నేహితుడి తల్లికి చేశాడు. "అమ్మా, ఆరోజు బండి నడిపింది నేనే. ఆ సీట్లో నేనుండాల్సింది" అన్నాడు. ఆమె చెప్పేది వింటూ ఉండిపోయాడు. కన్నీళ్ళు గడ్డంలోకి జారుతున్నా తుడుచుకోలేదు. నేను కాస్త దూరం వెళ్ళి నిలబడ్డాను. అంత పెద్ద ఆకాశం కింద మేమిద్దరమే. గుళ్ళో తలుపులు తీసినప్పుడు చేతులు వాటంతటవే కలుస్తాయే, నాకలాగే అయింది.

బండెక్కాక చెప్పాడు. "ఆమెకు మొదటి ఏడాదే తెలిసిపోయిందట. మా దళంలో ఎవరో చెప్పారట. ఇన్నేళ్ళూ నా ఫోన్ కోసమే ఎదురుచూసిందట."

కాసేపటికే నిద్రపోయాడు. తల తలుపుకు ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది. లేపడానికి మనసు రాలేదు. జహ్రా వీధుల్లో రెండు చుట్లు తిప్పాను. ఒకడు హారన్ కొట్టినా ఆయన కదల్లేదు.

ఆయనకు పూర్తిగా నయమైందని చెప్పను. పెద్ద చప్పుడైతే తర్వాత కూడా ఉలిక్కిపడేవాడు. పడి, నవ్వేవాడు. అదే తీర్థం తీసుకున్న ఇంకో మాజీ సైనికుడికి భయం రెండింతలై, నెలల తరబడి వైద్యం కావలసి వచ్చిందట. అందుకే ఎవరినీ తాగమని చెప్పేవాడు కాదు.

ఆయన కాంట్రాక్టు ముగించుకుని వెళ్ళిపోయిన ఆర్నెల్లకు ఒక ఫోటో వచ్చింది. ఆ స్నేహితుడి ముసలితల్లి ఇంటి కంచెకు ఆయన రంగు వేస్తున్నాడు. ఆమె వెనకాల కుర్చీలో కూర్చుని ఏదో పురమాయిస్తోంది.

జరిగిందంతా చెప్పి భాయ్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇంతకీ ఇది ఆ నీళ్ళు చేసిన పనా, ఆ యమ్మ చేసిన పనా?"

"తెలీదు భాయ్."

"నాకూ తెలీదబ్బా" అన్నాడు. ఫోన్ మాత్రం తిరిగివ్వలేదు. ఆమె ముఖం మీద వేళ్ళు పెట్టి, ఫోటో పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాడు.