అవ్వ చెప్పిన సినిమా

పోయిన నెలలో మూడు సినిమాలు చూశాను. రిటైరైన మనిషికి ఇంతకంటే చెప్పుకోదగ్గ పని ఏముంటుందని మీరు నవ్వుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు, మీలో చాలామంది పరిస్థితీ ఇదేనని నాకు తెలుసు. మొదటిది టీవీలో వచ్చింది, బొగ్గుబావుల కథ. గోదావరి ఒడ్డున బావిలో దిగే మనుషుల్ని చూపిస్తారు కదా అని ఆశగా కూర్చుంటే, హీరోగారు షిఫ్టు ముగించుకుని పైకి వచ్చేసరికి రెండు బుగ్గల మీద రవ్వంత బొగ్గు, అంతే. దువ్విన జుట్టు దువ్వినట్టే ఉంది. మా చిన్నబాపు, అంటే బాబాయి, ఏళ్ళ తరబడి బావిలో పని చేశాడు. ఆయన ఇంటికి వస్తే కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు, పలకరిస్తే గానీ మా చిన్నమ్మ కూడా గుర్తుపట్టేది కాదు. రెండోది మా అమ్మాయి ఫోనులో పెట్టి ఇచ్చింది. తెలంగాణ పల్లెను చూపిస్తున్నాం అనుకుని అందులో కనిపించిన ప్రతివాడి చేతిలోనూ ఒక సీసా పెట్టారు, మాటకు ముందొక 'బిడ్డా', వెనక ఇంకొక 'బిడ్డా'. మేమంతా పొద్దస్తమానం తాగుతూ కూర్చుంటే మా పొలాల్లో నాట్లు ఎవరు వేశారు, మా మగ్గాలు ఎవరు నడిపారు అని ఒళ్ళు మండి, సగంలో ఆపేశాను. మూడోది కరీంనగర్‌లో కొత్తగా కట్టిన హాల్లో చూశాను. పక్కన మా అవ్వ కూర్చుని ఉండగా చూశాను కాబట్టి దాని సంగతి మాత్రం తీరికగా చెప్పాలి.

అవ్వ అంటే మా అమ్మ. ఇది విడమర్చి చెప్పక తప్పదు, ఎందుకంటే తెలుగువాళ్ళలో చాలామందికి అవ్వ అంటే నానమ్మో అమ్మమ్మో. మా వైపు మాత్రం కన్నతల్లి. నేను కరెంటాఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, మా అవ్వకు జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు కావాలని అడిగితే, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మా ఆఫీసరు, నిజానికి చాలా మంచివాడు, "ముసలావిడను చూసుకోవడానికి ఇంట్లో మీ అమ్మగారు ఉంటారు కదయ్యా" అన్నాడు. ఆ అమ్మగారే ఈ అవ్వ అని ఆయనకు నచ్చజెప్పేసరికి నాకు తలప్రాణం తోకకు వచ్చింది. సెలవైతే ఇచ్చాడు గానీ, ఆ తర్వాత చాలాకాలం నన్ను చూసినప్పుడల్లా మీ ఇంట్లో మొత్తం ఎంతమంది తల్లులయ్యా అని ఆటపట్టించేవాడు.

మాది సిరిసిల్ల వైపు నేత పని ఊరు. బాపు, అంటే మా నాన్న, మరమగ్గాల మీద పని చేసేవాడు, మా దగ్గర వాటిని సాంచాలంటారు. అవ్వ బీడీలు చుట్టేది. మధ్యాహ్నం వంటలూ తిండ్లూ అయ్యాక మా వాడకట్టు ఆడవాళ్ళంతా చాటల్లో తునికాకూ తంబాకూ పెట్టుకుని మా ఇంటి ముందరి పందిరి కిందికి చేరేవాళ్ళు. నీడ ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి, కానీ వాళ్ళు మా ఇంటికే రావడానికి కారణం అవ్వ చెప్పే సినిమా. అందరికీ సినిమాకు పోయే వీలుండేది కాదు. ఒకరికి చంటిపిల్ల, ఒకరికి గయ్యాళి అత్త, ఒకరికి కార్ఖానాకు అప్పజెప్పాల్సిన బీడీలు. అందుకని ఊరి టాకీసులో బొమ్మ మారినప్పుడల్లా వాడకట్టు మొత్తం తరఫున మా అవ్వ మ్యాట్నీకి పోయేది. ఆమె వంతు ఆకు ఆ రోజు మిగతావాళ్ళు తలా కొంత కత్తిరించి పెట్టేవాళ్ళు. మరుసటి రోజు ఆమె కథ చెప్పాలి, అదీ ఒప్పందం. సుల్తానాబాద్‌లో ఉండే మా పెద్దమ్మ చుట్టపుచూపుగా వచ్చి, అవ్వ చెప్పే సినిమా సగంలో ఉందని ఇంకొక రోజు ఉండిపోయిన సందర్భాలు కూడా నాకు గుర్తే.

అవ్వ చెప్పడం మొదలుపెడితే చేతులు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. కథానాయిక ఏడ్చే చోట అవ్వ గొంతు వణికేది, వింటున్నవాళ్ళ చేతులు మాత్రమే ఆగిపోయేవి. ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. అవ్వ చెప్పే సినిమాలో రాజైనా, దేవుడైనా, పట్నంలో మేడ మీద ఉండే జమీందారైనా అందరూ మా భాషే మాట్లాడేవాళ్ళు. మహారాజు సింహాసనం మీద నుంచి లేచి, "ఏందిరో సేనాపతీ, గట్ల గుడ్లు మిటకరిచ్చి జూస్తున్నవ్, జర గుర్రం దియ్యి" అనేవాడు. ఆకాశంలోంచి దిగివచ్చిన దేవుడు భక్తురాలిని, "ఫికర్ జెయ్యకు, నేనున్న గద" అని ఓదార్చేవాడు. నేను పుట్టిన దగ్గర నుంచి ఇలాగే విన్నాను గనుక, మొదటిసారి బాపు నన్ను టాకీసుకు తీసుకుపోయినప్పుడు ఎంత నిరాశపడ్డానో చెప్పలేను. తెర మీద రాజుగారు బడి పుస్తకం అప్పజెబుతున్నట్టు మాట్లాడుతున్నాడు. అవ్వ చెప్పిన రాజు వేరు, ఈ రాజు వేరని, ఈయనకు సరిగ్గా మాట్లాడడం రాదని ఇంటికొచ్చి అవ్వకు ఫిర్యాదు చేశాను. పాపం, పట్నపోడు గద, గాయినకు రాదు తియ్యి అని అవ్వ నాకు సర్దిచెప్పింది.

మంచిచెడ్డలు చెప్పడంలో ఆమె ఎవరి మొహమాటమూ చూసేది కాదు. ఎంత పేరున్న హీరో అయినా, బాగాలేకపోతే బాగాలేదనే చెప్పేది, ఆ సినిమాకు మా వాడకట్టు నుంచి ఒక్కరూ పోయేవాళ్ళు కాదు. మీరు నమ్మినా నమ్మకపోయినా, టాకీసులో టికెట్లు చింపే అతను మా ఇంటి ముందు నుంచి పోతూ, "అక్కా, గీసారి జర మంచిగ జెప్పు" అని బతిమాలేవాడు.

అలాంటి అవ్వ ఒకనాడు ఉన్నట్టుండి సినిమాలు మానేసింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. సెలవు రోజున ఊరికి వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి మ్యాట్నీకి పోయాం. మంచి కుటుంబ కథే. అందులో పెద్ద బంగళాలో అంట్లు తోమే పనిమనిషి ఉంది. ఆ సినిమా మొత్తంలో ఆమె ఒక్కతే మా భాష మాట్లాడింది. ఆమె నోరు తెరిస్తే చాలు హాలు గొల్లుమంది. "అమ్మగారు, జర బజారుకు పోయొస్త" అంది, అంతే, నేల టికెట్టు వాళ్ళూ కుర్చీల వాళ్ళూ ఒకటే నవ్వు. నవ్విన వాళ్ళంతా మా ఊరివాళ్ళే, ఇంటికి పోయి పెళ్ళాంతో బజారుకు పోయొస్త అని చెప్పేవాళ్ళే. అవ్వ మాత్రం అటూ ఇటూ చూస్తూ కూర్చుంది, తను చూడని తమాషా ఏదో తెర మీద జరిగిపోయిందేమో అన్నట్టు.

మరునాడు పందిరి కింద ఎప్పటిలాగే కథ మొదలైంది, పనిమనిషి దగ్గరికి వచ్చింది. జర బజారుకు పోయొస్త అన్నదని అవ్వ చెప్పింది. అందరూ ఊఁ కొట్టి, ఆ తర్వాత ఏమైందని అడిగారు. అందరూ నవ్వారని చెప్పింది. ఎందుకు నవ్వారో వాళ్ళకు అర్థం కాలేదు. అవ్వ మళ్ళీ అదే మాట ఇంకాస్త సాగదీసి చెప్పి చూసింది. ఆమె చెప్పే సినిమాలో బంగళా దొరసాని కూడా అదే భాష మాట్లాడుతుంది కదా, ఇక పనిమనిషి మాటలో వింత ఎక్కడి నుంచి వస్తుంది? పక్కింటి అత్తమ్మ చేతిలో ఆకు పక్కన పెట్టి, "బజారుకు పోయొస్త అంటె నవ్వుడెందుకు వదినె? పోయి రావద్దా ఏంది?" అని అడిగింది. మొట్టమొదటిసారి ఆమె ఒక సినిమాను చెప్పలేకపోయింది. కాసేపు తల వంచుకుని బీడీలు చుట్టి, మిగతా కథను రెండు ముక్కల్లో తేల్చేసి లోపలికి పోయింది.

ఆ తర్వాత కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా మోకాళ్ళ నొప్పి అనేది. బాపు బతిమాలాడు, వాడకట్టు బతిమాలింది. చివరికి బాపుతో మాత్రం అసలు సంగతి చెప్పింది. "మనం పైసలు వెట్టి పోయి, మనల్ని జూసి మనమే నవ్వుడెందుకయ్యా?" అంది. బాపు ఇంకెప్పుడూ అడగలేదు. బాపు పోయాక అవ్వ నా దగ్గరికి వచ్చింది. మా ఇంట్లో టీవీలో సినిమా నడుస్తున్నా ఆమె అటు తిరిగి కూర్చునేది కాదు.

ఇన్నేళ్ళ తర్వాత పోయిన నెల మా అమ్మాయి స్నేహితురాళ్ళతో ఒక సినిమా చూసి వచ్చి, బాపమ్మకు, అంటే వాళ్ళ నానమ్మకు, చూపించాల్సిందేనని పట్టుబట్టింది. అందులో పిల్ల అచ్చం బాపమ్మలాగే మాట్లాడుతుందట. అవ్వ ముఖం చిన్నబుచ్చుకుని, "మల్ల పనిపిల్లనేనా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో నాకొక్కడికే తెలుసు. కాదు బాపమ్మా, హీరోయినే అని మా అమ్మాయి చెబితే అవ్వ నమ్మలేదు. హీరోయిన్ గట్లెట్ల మాట్లాడుతదే అని వాదించింది. ఆ సంగతేదో తేల్చుకోవడానికే అన్నట్టు చివరికి బయల్దేరింది.

హాల్లో కూర్చున్నానే గానీ నాకు స్థిమితం లేదు. నిజం చెబుతున్నాను, మొదట్లో నేను సినిమా చూడలేదు, చుట్టూ ఉన్న మనుషుల్నే చూశాను. ఒక్కడు నవ్వినా అవ్వ లేచి వచ్చేస్తుంది, ఇక జన్మలో మళ్ళీ రాదు. ఎనభై దాటిన మనిషికి ఆ అవమానం రెండోసారి నా చేతుల మీదుగా జరగకూడదని నా భయం. తెర మీద పొద్దున్నే ఒక కాలేజీ పిల్ల సైకిలు దిగి, గడప దగ్గర నిలబడి, "అవ్వా! ఓ అవ్వా!" అని గట్టిగా కేకేసింది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తెర మీది తల్లి ఇంకా బయటికి రాలేదు, నా పక్క నుంచి జవాబు వచ్చింది. "ఏందే, వస్తున్న ఆగు!" అని మా అవ్వ అలవాటు కొద్దీ పలికేసింది.

ముందు వరసలోని కుర్రాళ్ళు వెనక్కి తిరిగారు, హాలు హాలంతా నవ్వింది. అంతలో ఒక కుర్రాడు, "బాపమ్మా, నిన్ను గాదు, ఆమెను పిలుస్తున్నది" అన్నాడు, ఎంతో చనువుగా, సొంత మనవడిలాగా. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ పకపకా నవ్వింది. తెర మీద చక్కటి చీర కట్టుకున్న ఒక తల్లి బయటికి వచ్చి, కూతురితో మా మాటల్లోనే ఏదో అంటోంది, దానికి ఎవరూ నవ్వడం లేదు, బుద్ధిగా వింటున్నారు. ఆ చీకట్లో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆరుపదులు దాటినవాడినని కూడా చూసుకోలేదు.

తిరిగి వస్తూ ఆటోలో మా అమ్మాయి, ఎట్లుంది బాపమ్మా, మొత్తం మన భాషనే గదా అని సంబరంగా అడిగింది. నేనూ చెవులు రిక్కించాను. అవ్వ, "మాట మంచిగనే ఉన్నది. కత బాగలే" అంది. మా అమ్మాయికి కోపం వచ్చింది. అవ్వ వెనక్కి తగ్గలేదు. "మన మాట మాట్లాడంగనే మంచి సినిమ అయితదానే? ఇంటర్వెల్ అయినంక ఆ పిల్లకు పనే లేకపాయె. ఆ పోరడు ఊకె కొట్లాడుడే. అవ్వనేమో అక్కెర లేకున్న ఏడ్పిచ్చిరి" అంది.

అప్పుడు నాకు కలిగిన గర్వం, నా ఉద్యోగంలో ప్రమోషను వచ్చినప్పుడు కూడా కలగలేదు. మన భాష వినిపిస్తే చాలు, నాలుగు తప్పులున్నా చప్పట్లు కొట్టే రకాన్ని నేను. అవ్వ అలా కాదు. ఆ భాష అక్కడ ఉండడం ఆమెకు దయాభిక్ష కాదు, ఉండాల్సిందే ఉంది. ఇక సినిమా బాగుందా లేదా అన్నదే ప్రశ్న. అవ్వ అంతటితో ఊరుకోలేదు. మర్నాడు మా ఆవిడా, పక్క వాటాలో ఉండే రాజమండ్రి ఆవిడా చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటే, వాళ్ళకు ఆ సినిమా చెప్పింది. రెండో సగంలో కొట్లాటలన్నీ తీసిపారేసి, ఆ పిల్ల చేతనే పనులన్నీ చక్కబెట్టించింది. రాజమండ్రి ఆవిడ ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వింది, ఎక్కడ చెయ్యి ఆపాలో అక్కడ ఆపింది. అసలు సినిమా కంటే అవ్వ చెప్పింది బాగుందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ పందిరి కింద కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. సినిమా ఎవరి ఫోనులో వాళ్ళకు ఉంది గనుక, ఒకరు చూసి వచ్చి పదిమందికి చెప్పే అవసరం ఎవరికీ లేదు. మన మాటలు తెర మీదికి దర్జాగా వచ్చాయి, నా కళ్ళతో చూశాను, చాలా సంతోషం. కానీ ఆ సినిమాకు తీసుకుపోయిన నా కూతురే వాళ్ళమ్మను మమ్మీ అంటుంది. మా ఇంట్లో అవ్వా అని పిలిచేవాడిని నేనొక్కడినే, ఆ పిలుపుకు పలికేది ఆమె ఒక్కతే. ఇది తోచిన దగ్గర నుంచి మనసు మనసులో లేదు. నిన్న పొద్దున ఏ పనీ లేకపోయినా వరండాలో నిలబడి, ఆ సినిమాలో పిల్ల కంటే గట్టిగా అవ్వా అని పిలిచాను.

"ఏందిరా, గంతగనం ఒర్రుతున్నవ్? నాకేమన్న చెవుడా?" అంది లోపలి నుంచి.