మార్కెట్ వంతెన కింద ఊచలు

దాలమ్మ కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో పొలం పక్క కాలువలోనే తలంటుకునేది. ఇప్పుడు ఆ మాట చెబితే సొంత మనవరాలే నమ్మదు. పొలం గట్టు మీద నిలబడి చూస్తే నీళ్లు కనిపించవు. నల్లగా, చిక్కగా ఏదో కదులుతూ ఉంటుంది. దాని మీద తెల్లగా థర్మాకోల్ ప్లేట్లు తేలుతుంటాయి.

రాజాం అవతల వీరన్నపేట అనే చిన్న టౌను ఉంది. కాలువ అందులోకి మామూలు నీళ్లతోనే వెళుతుంది. చికెన్ కొట్ల వెనక నుంచి, కల్యాణ మండపం పక్క నుంచి, మార్కెట్ వంతెన కింద నుంచి సాగి అవతలి వైపు బయటపడేసరికి అలా తయారవుతుంది. టౌను దాటగానే ఒక తూము. రైతులు దాన్ని మదుము అంటారు. దానికి అడ్డంగా ఇనప ఊచలు. టౌను చెత్తంతా వచ్చి ఆ ఊచల దగ్గర ఆగుతుంది. ఊచలకు ఇవతల దాలమ్మ వాళ్ల మడులు.

ఏటా వరినారుకు ఆకుమళ్లు పోసే ముందు రైతులే మదుములో దిగి ఆ చెత్త తీసేవారు. డైపర్లు, సూదులు, కోడి ఈకల మూటలు, ఉబ్బిన కుక్క కళేబరాలు. చేతులతోనే తీసి గట్టు మీద గొయ్యి తవ్వి పూడ్చేవారు. టౌను వాళ్లకు ఈ సంగతే తెలియదు. వేసినదల్లా కొట్టుకుపోతోంది కదా, ఇంకేం అనుకునేవారు.

కిందటేడు ఆకుమడి తొక్కుతుంటే దాలమ్మ భర్త కూర్మయ్య కాలిలో బీరు సీసా పెంకు దిగింది. ఆయనకు సుగరు. పసుపు అద్ది గుడ్డ కట్టారు. పుండు నల్లబడ్డాక శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళితే పాదం సగం తీసేశారు.

"ఎవుడో తాగి పారేసుంటాడు. నా కాల్లో దిగతాదని ఆడికి మాత్రం తెలుసేటి?" అన్నాడు కూర్మయ్య మంచం మీద పడుకుని.

"తెల్దు మావా. అదే నాకు మండిపోతన్నాది. నీ కాలు తీసేసినోడు ఈపాటికి ఇంట్లో కూకుని అన్నం తింటన్నాడు. ఆడికి తెలీనే తెల్దు."

ఆ సీసా ఎవరిదో ఆమె కనిపెట్టలేకపోయింది. అందుకని కాలువలో చెత్త వెయ్యొద్దని అందరినీ అడిగింది. టౌనులోకి వెళ్లి కాలువ వెంబడి ఉన్న కొట్లన్నీ ఎక్కి దిగింది. చికెన్ కొట్టువాడు నవ్వాడు. మండపం మేనేజరు గేటు వేసేశాడు. మునిసిపాలిటీలో అడిగితే కాలువ ఇరిగేషన్ వాళ్లదన్నారు. ఇరిగేషన్ వాళ్లనడిగితే టౌనులో ఉన్నంతవరకు మునిసిపాలిటీదే అన్నారు.

వెంకటరావు సావుకారు ఒక్కడే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వంతెన పక్కనే ఆయన కిరాణా కొట్టు. పెళ్లయిన నాటి నుంచి దాలమ్మ ఉప్పూ చింతపండూ అక్కడే కొంటుంది. కూర్మయ్య కాలు సంగతి విని ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఆమె మాట్లాడుతుండగానే కొట్లో పనిచేసే మనిషి ఒక బస్తా చెత్త ఎత్తుకొచ్చి వెనక తలుపు లోంచి కాలువలోకి విసిరాడు.

"ఏటిది సావుకారూ?" అంది దాలమ్మ.

"ఏం చెయ్యమంటావు చెప్పు దాలమ్మా. చెత్తబండి ఒక రోజు వస్తే నాలుగు రోజులు రాదు. అయినా అందరూ వేస్తుంటే నేనొక్కణ్ణి మానితే ఏం లాభం?"

దాలమ్మ కొన్న ఉప్పు ప్యాకెట్టు అక్కడే బల్ల మీద పెట్టేసి వచ్చేసింది.

ఈ ఏడు తొలకరి పడగానే పెద్దరైతు నూకయ్య అందరినీ మదుము దగ్గరికి పిలిచాడు. మగవాళ్లు పంచెలు ఎగ్గట్టారు. దాలమ్మ వచ్చి ఊచల ముందు అడ్డంగా నిలబడింది.

"ఎవులూ దిగొద్దు."

"దిగకపోతే నీల్లెలా వస్తాయే?" అన్నాడు నూకయ్య.

"రాకపోతే మానె. మనం ఎత్తబట్టే ఆల్లు ఎయ్యగలుగుతన్నారు. ఇన్నేల్లు ఆల్ల మురికి చేతుల్తో ఎత్తాం. ఒక్కడైనా వచ్చి మీరెవర్రా అని అడిగాడేటి? ఈ ఏడు ఆల్లనే రానీ. ఆల్లనే తియ్యనీ."

చాలాసేపు కేకలేసుకున్నారు. చివరికి కూర్మయ్య కర్ర పట్టుకుని కుంటుకుంటూ గట్టు మీదికి వచ్చేసరికి నూకయ్య ఎగ్గట్టిన పంచె దించుకున్నాడు. తన బోరు నీళ్లతో ఆకుమళ్లు బతికిద్దామన్నాడు. అలాగే బతికించారు.

ఆషాఢంలో వాయుగుండం పట్టింది. ఒక రాత్రీ పగలూ వాన ఆగలేదు. మదుము దగ్గర నీళ్లకు దారి లేదు. అవి వెనక్కి తన్ని, మొదట కాలువగట్టు వీధిలోకి, తర్వాత మార్కెట్‌లోకి వచ్చాయి. మధ్యాహ్నానికి మోటారు సైకిళ్ల మీద టౌను జనం మదుము దగ్గరికి వచ్చిపడ్డారు. అక్కడ పేరుకున్న చెత్తను చూసి ముక్కులు మూసుకున్నారు.

"ఈ తూము మీదే కదా? తొందరగా తియ్యండి," అన్నాడొకడు.

"సెత్త మీది. మీరే తియ్యండి," అంది దాలమ్మ.

వెంకటరావు ముందుకొచ్చాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. "కొట్లో పంచదార బస్తాలన్నీ తడిసిపోయాయి దాలమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నా కాల్లెందుకు సావుకారూ, రెండూ బాగానే ఉన్నాయి. అదిగో మా ఆయన. ఆయన కాలు పట్టుకో. సగమే ఉన్నాది."

అప్పుడు జనాన్ని తోసుకుని లక్ష్మణమ్మ వచ్చింది. కాలువగట్టు వీధిలో రేకుల ఇంట్లో ఉంటూ ఇడ్లీలు అమ్ముకునే మనిషి. నెత్తి మీద తడిసిన బొంత ఉంది.

"నడుం లోతు నీల్లున్నాయి నా ఇంట్లో," అంది దాలమ్మతో. "బాలింత కోడల్ని బల్ల మీద కూకోబెట్టొచ్చినాను. కొట్లోల్లు మేడెక్కతారు. మాకు మేడల్లేవు. మేమేటి సేసాం నీకు?"

తన కోపం తగలాల్సిన వాళ్ల కంటే ముందు ఈమెకు తగిలిందని దాలమ్మకు అర్థమైంది. చీర కుచ్చిళ్లు దోపుకుంది.

"నానే దిగతాను. ఈవిడ కోసం. కానీ సావుకారూ, నువ్వూ దిగు. ఆ చొక్కాతోనే దిగు."

వెంకటరావు దిగాడు. మొదటి మూట పైకి తీసేసరికి కుళ్లిన పేగులు బయటపడి, గట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. అయినా మళ్లీ చేతులు పెట్టాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు దిగారు. నూకయ్య దిగాడు. గంటసేపు లాగేసరికి నీళ్లు సన్నగా దారి చేసుకోవడం మొదలైంది. లక్ష్మణమ్మ గట్టు మీద నుంచి మూటలు అందుకుంటూ, "తగ్గతన్నాది, తగ్గతన్నాది," అని అరిచింది.

అంతలో జేసీబీ వచ్చింది. కౌన్సిలర్ గిరిబాబు దాని వెనక కారు దిగి, "పక్కకి తప్పుకోండి," అన్నాడు.

"వద్దు బాబూ, దారి దొరికింది. ఊచలు పీకితే మొత్తం మా మడుల్లోకే వస్తాది. కొంచెం ఆగు," అంది దాలమ్మ నీళ్లలోంచి.

"టౌను మునిగిపోతుంటే మీ మడులు చూసుకుంటూ కూర్చోవాలా?"

ఆమెను నూకయ్య చెయ్యి పట్టి గట్టు మీదికి లాగేశాడు. జేసీబీ ఊచలను ఒక్క ఊపులో పెకలించింది. ఏడాదిగా ఆగిన టౌను చెత్త మొత్తం ఒక్కసారిగా విరుచుకుపడి ఆకుమళ్లను కప్పేసింది. పచ్చటి నారు ఒక్క మొక్క కూడా కనిపించలేదు. రోడ్డు మీద నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకు దాలమ్మ ఏడవలేదు. గిరిబాబు కారుకు ఎదురెళ్లి నిలబడి, ఒంటి మీది బురద తీసి అద్దం మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పూసింది. డ్రైవరు దిగబోతే లక్ష్మణమ్మ బొంత కింద పడేసి అడ్డొచ్చింది.

రైతులు శ్రీముఖలింగం వైపు నుంచి నారు తెచ్చి ఆలస్యంగా నాటుకున్నారు. మడుల్లో గాజు పెంకులు ఏరడానికే రోజులు పట్టాయి. ఆ పనిలో ఉండగానే దాలమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. మదుముకు కొత్త ఊచలు పెట్టొద్దంది. తమ ఊళ్లో వెల్డింగు పనిచేసే ఎల్లాజీని పిలిచి, మార్కెట్ వంతెనకు సరిపడా ఊచల చట్రం చేయించింది.

సంత రోజున పట్టపగలు రైతులందరూ ట్రాక్టరు మీద వెళ్లి దాన్ని వంతెన కింద బిగించారు. కాలువగట్టు వీధి ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. వంతెన దగ్గర చెత్త ఆగితే అది తమ వీధిలోకి రాదు కదా. గిరిబాబు మనుషులు పీకడానికి వచ్చారు.

"మా కొట్టు వెనకే బిగించారు. వాసన మాకే ముందొస్తుంది. అయినా ఉండనివ్వండి," అన్నాడు వెంకటరావు. మెట్టు దిగి వచ్చి ఆడవాళ్ల పక్కనే నిలబడ్డాడు. సంత జనమంతా చూస్తుండటంతో గిరిబాబు మనుషులు వెళ్లిపోయారు.

వారం తిరిగేసరికి మార్కెట్‌లో ఎవరూ నిలబడలేకపోయారు. కంపు కొట్లలోకి, మేడల మీది గదుల్లోకి, మండపంలో భోజనాల బల్లల దగ్గరికి వెళ్లింది. ఒక పెళ్లివారు లేచి గొడవ చేశారు. అంతవరకు లేని మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో, మునిసిపాలిటీ రోజూ పొద్దున్నే ఇద్దరిని పంపి చెత్త తీయించడం మొదలుపెట్టింది. చెత్తబండీ రోజూ వస్తోంది. అందరూ మారిపోలేదు. చికెన్ కొట్టువాడు తన మూటలు వంతెన దాటించి అవతల వేస్తున్నాడు. అతనితో లక్ష్మణమ్మకు దాదాపు రోజూ గొడవే.

చెత్త తీయించడం మొదలు కాకముందు ఒక రోజు మార్కెట్ వ్యాపారులు కొందరు దాలమ్మ ఇంటికి వచ్చారు. కూర్మయ్య అరుగు మీద కూర్చుని పాదానికి మెత్తటి బూటు తొడుక్కుంటున్నాడు.

"ఆ ఊచలు తీయించమ్మా. మళ్లీ మదుము దగ్గరే పెట్టించుకోండి, ఖర్చు మేం పెడతాం. కంపుకి కొట్లో కూర్చోలేకపోతున్నాం," అన్నాడు వాళ్లలో పెద్దమనిషి.

"కంపేటి బాబూ, మేం అందులో నిలబడి నాట్లేసినాం," అంది దాలమ్మ. "మీకు వారానికే అంత కోపమొచ్చిందేటి?"

ఆయన ఏదో అనబోయాడు. కలుపుకు పొద్దెక్కుతోందని ఆమె కొడవలి తీసుకుని పొలం వైపు నడిచింది.