కుడికి తిరిగిన మేక

ఎన్నేళ్లుగానో ఒక మేకను మోస్తున్నాను. నవ్వకండి. వేలెడంత మేక, చెక్కలో చెక్కినది. దించుకుందామంటే ఇన్నాళ్లూ నోరు రాలేదు. మీకు చెప్తున్నాను.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో మాది ముద్రలు చేసే దుకాణం. రబ్బరు ముద్రలు ఎవడైనా చేస్తాడు. చెక్క మీద చెక్కడంలో మాత్రం నాకు సాటి ఎవడూ లేడు. గొప్పలు కాదు, ఉన్న మాట. సరే, గొప్పలే అనుకోండి.

ఒకరోజు ఫ్రెంచి పాఠాలు చెప్పే టీచరమ్మ ఒక పాత చెక్కముద్ర తెచ్చింది. చదువుకునే రోజుల్లో ఆమె ఫ్రాన్సులో, కొండల మీది చిన్న ఊళ్ళో, ఒక అవ్వ ఇంట్లో ఉందట. మంచు కురిసి దారులు మూసుకుపోకముందే ఆ ఊరంతా కలిసి ఒకే పొయ్యి రాజేసి, చలికాలమంతటికీ రొట్టెలు కాల్చుకునేవారట. ఎవరి రొట్టె ఎవరిదో తెలియాలి కదా, పచ్చి పిండి మీద ఇంటింటికీ ఒక ముద్ర. అవ్వ వాళ్ళ ఇంటిది మేక. తాతల నాటి ఆ ముద్రకు పిడి ఊడితే, మొన్న చూడబోయిన టీచరమ్మకు బాగు చేయించమని అవ్వ ఇచ్చిందట.

పిడికి చిల్లు వేస్తుంటే చెక్క నిలువునా పగిలింది. లోపలంతా పురుగు. ఆ మాట చెప్పేస్తే అయిపోయేది కదా? ఎందుకు చెప్పలేదు? నా చేతిలో పాడైందన్న మాట నేను పడలేను, అంతే. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్న కశ్మీరీ స్టూలు కాలు కోసి కొత్త ముద్ర చెక్కాను. అదే అక్రోట్ చెక్క, అదే మేక, కొమ్ము మీది గీతతో సహా. టీ డికాక్షనులో నానబెట్టి, నూనె రాసి, పొగ పెట్టి ఇచ్చాను. ఎవరూ తేడా పట్టలేరు.

ఆమె వెళ్ళాక నేనే పట్టాను. అచ్చు సరిగ్గా పడాలని, కస్టమరు తెచ్చిన బొమ్మను అద్దంలోలా తిప్పి చెక్కడం నా చేతికి చిన్నప్పటి అలవాటు. పాత ముద్రలో ముందే తిప్పి చెక్కిన మేకను మళ్ళీ తిప్పాను. రొట్టె మీద ఎడమకు చూడాల్సింది ఇక కుడికి చూస్తుంది.

మరుసటి ఏడు టీచరమ్మ ఫోనులో ఫోటో చూపించింది. బల్ల నిండా రొట్టెలు, వాటి మీద నా మేక.

"అన్నా, గా ఊరోళ్ళంత మీ పని మస్తు మెచ్చుకున్నరు."

"అవ్వ ఏమన్నది?"

"ఖుషీ అయింది. గానీ మేక ఎడమకు సూస్తుండె గదా అని జర పరేషాన్ అయిందంట. ముసల్దాన్నైన, నాకే యాది తప్పుతున్నది అని నవ్వుకున్నదంట."

"ఔనమ్మా, ఉమర్ గదా," అన్నాను.

చెక్క పగలడం తప్పు కాదు. దాచడం సగం తప్పేమో. 'ఉమర్ గదా' అన్న ఈ మాటే నన్ను పొడుస్తుంది. ఎంత సులువుగా వచ్చింది నోటికి!

ఇప్పుడా ముద్ర ఆ ఊరి పొయ్యి గదిలో అద్దాల పెట్టెలో ఉందట. పూర్వీకుల పనితనమని చూపిస్తారట. నాంపల్లి పనితనమయ్యా అది! నా ఛాతీ ఉబ్బుతుంది, అబద్ధమెందుకు. ఆ వెంటనే, తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేక నవ్వేసుకున్న అవ్వ గుర్తొస్తుంది.

ఆమె ఉందో లేదో అడిగే ధైర్యం లేదు. పగిలిన ముక్కలు నా దగ్గరే ఉన్నాయి. అవ్వా, నీకు మంచిగనే యాదికున్నది. మేకను తిప్పింది నేను.