బియ్యం కుండ వెనక పొట్లం

మా అవ్వ, అంటే అమ్మ, ప్రార్థనకు మోకాళ్లూనితే ఉత్తగా లేవదని బొగ్గు గనుల క్వార్టర్లలో పేరు. పిల్లలకు జ్వరమొచ్చినా, మొగుడు అలిగి మంథని దిక్కు పోయినా ఆడవాళ్లు ముందు మా గుమ్మమే తొక్కేవాళ్లు. ఆ పేరంటే నాకు లోపల ఎంతో గర్వం. ఏడో తరగతి చదివే పిల్లకు గర్వపడటానికి ఇంకేముంటుంది? చెవులకు కమ్మలు కూడా లేవు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, గనిలో దిగే మా బాపుకు క్షయ వచ్చింది. దగ్గితే రుమాలకు నెత్తురు అంటుకునేది. దవాఖానలో గోలీలు ఇచ్చి, తగ్గినట్టు అనిపించినా ఏడాదిదాకా ఆపొద్దన్నారు. అవ్వ ప్రతి శుక్రవారం ఉపవాసముండి, చర్చి ఆడవాళ్లతో కలిసి ఏడ్చి ప్రార్థించేది. ఆ ఏడుపులో నటన లేదు. ఆమె లేచాక తడిసిన చాపను ఎండకు వేసేది నేనే.

నాలుగు నెలలకు నెత్తురు ఆగింది. బాపు అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మా చర్చిలో ప్రార్థన ఫలించినవాళ్లు ఆదివారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అవ్వ నిలబడి, తన పెనిమిటిని దేవుడు పూర్తిగా బాగుచేశాడని చెప్పింది. సంఘమంతా స్తోత్రం అంది. బాపు తలవంచుకుని కూర్చున్నాడు.

ఇంటికి రాగానే అవ్వ గోలీల పొట్లం తీసి బియ్యం కుండ వెనక పెట్టింది. సాక్ష్యం చెప్పాక మందు మింగితే దేవుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టేనని ఆమె లెక్క. అలాగని ఎవరూ బోధించలేదు. చర్చి అయ్యగారిని అడిగితే మందు ఆపడం తప్పనేవారేమో, కానీ అడగలేదు. బాపు కూడా ఎదురు చెప్పలేదు.

వానలు పడేసరికి దగ్గు తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం అవ్వ నీళ్లకు నల్లా దగ్గరికి పోయినప్పుడు బాపు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

“బిడ్డా, గా పొట్లం జర తీసియ్యి. అవ్వకు చెప్పకు.”

నేను తీసివ్వలేదు. నల్లా దగ్గరికి పరుగెత్తి అవ్వకు చెప్పాను. బాపు విశ్వాసం తప్పుతున్నాడని భయపడ్డాను. అంతకంటే ఎక్కువగా, అవ్వకున్న పేరు పోతుందని భయపడ్డాను. చిన్నపిల్లను కదా అని ఇప్పుడు సర్దిచెప్పుకోను. అవ్వ బాపును పల్లెత్తు మాట అనలేదు. మంచం పక్కన మోకాళ్లూని వెక్కి వెక్కి ఏడ్చింది. బాపు మళ్లీ ఎన్నడూ అడగలేదు.

బాపు చర్చికి వచ్చేవాడే కానీ నోరు తెరిచి ప్రార్థించగా నేనెప్పుడూ వినలేదు. ఒక్కసారి విన్నాను. వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. అవ్వా నేనూ పొయ్యి దగ్గర ఉన్నాం. అవతలి గదిలో బాపు దగ్గు ఆపుకుంటూ అంటున్నాడు.

“ప్రభువా, నా కోసం గాదు. అది నలుగుట్ల నిలవడి చెప్పింది. దాని మాట పోనియ్యకు.”

అవ్వ చేతిలో గంటె ఆగిపోయింది. బియ్యం కుండ పక్కకు జరిపి, పొట్లం తీసి, నీళ్ల చెంబుతో పరుగెత్తింది. బాపు గోలీ మింగలేకపోయాడు. దవాఖానకు మోసుకుపోతే చాలా ఆలస్యం చేశారన్నారు. మూడో రోజు పోయాడు.

అంత మనసు పెట్టి చేసిన ప్రార్థన నేను మళ్లీ వినలేదు. అది ఫలించలేదు. ప్రార్థనకు బలం ఉందా అని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. ఉంది. శుక్రవారాల ఉపవాసాలు చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది, అవ్వను కుండ దగ్గరికి లేపింది. మూడు నెలల ముందు వినబడి ఉంటే అని ఇప్పటికీ ఏడుస్తాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళకు అవ్వ లేచింది. పక్కనున్నవాళ్లు వద్దని కొంగు పట్టి లాగారు. ఆమె కూర్చోలేదు.

“నేను తొందరపడి చెప్పిన. ఆయన గోలీలు అడిగిండు. నేనే ఇయ్యలే.”

ఎవరిని అడిగాడో చెప్పలేదు. నేను ఆమె పక్కనే కూర్చుని, కళ్లు మూసుకుని, ప్రార్థిస్తున్నట్టు నటించాను.