బారోమీటరు మాట విని దించేసిన ఘటం

దేవుడు చేసిన సృష్టి, శాస్త్రం చెప్పే సృష్టి వేరు కావని రుజువు చేసే పుస్తకం నాలుగేళ్లుగా రాస్తున్నాను. ఈ చెరకు దీవి రేవుపట్నం పోర్ట్ లూయీలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే నాకు ఇదేం పిచ్చి అని మా ఆవిడ అనని రోజు లేదు. అయినా క్యూర్‌పీప్ అవతల చెరకు తోటలో ఉండే పూజారి పైడయ్యగారు విని బాగుందంటే చాలు, ఈ దీవిలోని మన తెలుగువాళ్లంతా చదువుతారు. అందుకే మాఘంలో ఒక ఆదివారం బయలుదేరాను. ఓడలో పనిచేసే స్నేహితుణ్ని అడిగి ఒక బారోమీటరు కూడా తెచ్చుకున్నాను. గాలి బరువు కొలిచే ఆ సూది మీద దేవుడి మనసు చదవొచ్చని ఆయనకు చూపించాలని నా ఆశ.

పొద్దున్న ఏడింటి రైలు, మూడో తరగతి, కొన్ని సెంట్లే. రోజ్ హిల్ దాటాక బారోమీటరు పెట్టె తెరిస్తే సూది దిగింది. వాక్వా దగ్గర ఇంకా దిగింది. క్యూర్‌పీప్ చేరేసరికి తుఫాను గుర్తును కూడా దాటిపోయింది. బయట ఉక్క, ఒక్క ఆకు కదలడం లేదు. పెట్టె మూసేసి సూరన్న ఎడ్లబండి ఎక్కాను.

"తొందరగా తోలు సూరన్నా, సిక్లోన్ వస్తోంది!"

"ఆయో! ఎవులు సెప్పినారు మేష్టరూ?"

"నీకెందుకు? తోలు!" అని కసిరాను.

గంట ప్రయాణం. మేం చేరేసరికి పైడయ్యగారి వెంట అమ్మవారి ఊరేగింపు సగం దారిలో ఉంది. అప్పలమ్మ అనే కూలిమనిషి నెత్తిన పసుపు ఘటంతో వాగు ఒడ్డున ఉన్న అమ్మవారి గుడికి నడుస్తోంది. బిడ్డకు జ్వరం వదలక మొక్కుకుంది. తొమ్మిది రోజులు ఒంటిపూట తిండి. గుడి చేరేలోపు ఘటం నేల తాకితే మొక్కు చెడినట్టే, మళ్లీ మొదటినుంచి పట్టాలి. ఈ సంగతి నాకు తెలుసు. అయినా తుఫాను వస్తోంది, పరుగెత్తండని అరిచాను.

పైడయ్యగారు సూదిని చూశారు, నన్ను చూశారు.

"సదువుకున్నోడివి. కచ్చితమేనా?"

"కచ్చితమే."

"ఈ సూదిని ఆడించేదీ ఆ తల్లే" అంటూ అప్పలమ్మ నెత్తి మీది ఘటాన్ని ఆయనే నేల మీదికి దించారు. ఆమె బిడ్డను చంకనేసుకుని అందరితోపాటు చెరకు మిల్లు రాతిగోడల లోపలికి పరుగెత్తింది.

మధ్యాహ్నం మూడైంది. చిన్న జల్లు పడి ఎండ కాసింది. "అమ్మే ఆపేసింది తుఫాన్ని!" అని ఆడవాళ్లు దండాలు పెట్టారు. పైడయ్యగారు నా భుజం తట్టి, "నీ సూది సెప్పింది, తల్లి ఆపింది. ఏదీ, నీ పుస్తకం సదువు" అన్నారు. నాలుగేళ్లుగా ఈ మాట కోసమే కదా నేను ఎదురుచూసింది!

అప్పుడే సూరన్న నా పెట్టెలోకి తొంగిచూసి, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "ఇలాటిది, నేల కొలిచే మా సర్వేదొర దగ్గరా ఉండేది బాబూ. కొండెక్కితే దిగిపోద్ది, దిగితే ఎక్కుద్ది. వానకీ దానికీ ఏటి సంబంధం?"

రైలు నన్ను కొండ మీదికి తెచ్చిందన్న చిన్న సంగతి నాకు తట్టలేదు! సూరన్న ఎవరికీ చెప్పడు. నేను నోరు మూసుకుంటే పుస్తకం నిలబడుతుంది. అప్పలమ్మ మాత్రం బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది.

"తుఫాను లేదు, రాలేదు, ఎవరూ ఆపలేదు. తప్పు నాది" అని అందరి ముందూ చెప్పేశాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పైడయ్యగారు, "ఈ మాట నీ పుస్తకంలో ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే రాసి తీసుకురా. అప్పుడింటాను."

అప్పలమ్మ మర్నాడే మళ్లీ మొక్కు పట్టింది. నేనింకా పైడయ్యగారి అరుగు మీదే ఉన్నాను. పుస్తకం మొదటి పేజీ కొట్టేసి, ఆమె పేరుతో మొదలుపెట్టాను. అన్నిటినీ ఒక్క సూత్రంతో కట్టేయాలన్న తొందరలో, ఆ సూత్రం ఎవరి మెడకు బిగుసుకుంటుందో చూసుకోలేదు. ఇది రాస్తున్నప్పటికి ఆమెకు ఆరో రోజు. బిడ్డ జ్వరం తగ్గలేదు.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క మాట. మీ చేతిలో ఏ పరికరమున్నా సరే, ముందు బండివాడికి చూపించండి. ఊరివాళ్లకు ఆ తర్వాత చెప్పొచ్చు.