పొత్రాన్ని పొదువుకున్న పిల్లి

మా పిల్లి ఎక్కడ కదలకుండా కూర్చుంటే అక్కడ పోయిన వస్తువేదో ఉన్నట్టే. ఈ మాట వింటే నవ్వేవాళ్లు నవ్వుతారు. బాన్సువాడలో మా గల్లీవాళ్లు మాత్రం నవ్వరు, వాళ్లలో సగం మంది ఇళ్లకు అది పోయి వచ్చింది.

అది మేము తెచ్చుకున్న పిల్లి కాదు. మా అత్త చనిపోయిన ఏడాది, సాగర్ కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో, ఒక పొద్దున లేచి చూస్తే వంటింట్లో కూర్చుని ఉంది. తలుపు గొళ్లెం తీసింది నేనే, కిటికీకి జాలీ ఉంది, ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తెల్లటి ఒంటి మీద నల్లవి, పసుపువి మచ్చలు. ఒక కన్ను తేనెరంగు, ఒక కన్ను నీలం. కట్టె చూపించినా కదల్లేదు. చివరికి రెండు చేతులతో ఎత్తి పక్కకు పెడితే, అది కూర్చున్న చోట గోడ సందులో మా అత్త ముక్కుపుల్ల మెరిసింది. దవాఖానకు పోయే ముందు తీసి ఎక్కడో దాచి, ఎక్కడన్నది చెప్పకుండానే పోయింది ఆమె. దాని కోసం మేము బియ్యం డబ్బాలు కూడా బోర్లించి చూశాము. ఆ రోజు ఆ పిల్లికి గిన్నెలో పాలు పోశాను. అప్పటి నుంచి అది మా ఇంటిది.

తర్వాత ఎదురింటి పెద్దాయన కట్టుడు పళ్లు కనబడకుండా పోతే ఆయన కూలర్ మీదికి ఎక్కి కూర్చుంది. పళ్లు కూలర్ గడ్డిలో ఇరుక్కుని ఉన్నాయి. పక్కింటి అక్క కొడుకు బండి తాళంచెవి పోతే కోళ్ల గంప వదిలి రాలేదు. పిల్లి చోటు చూపిస్తుందే తప్ప మాట్లాడదు కదా. ఆ వస్తువు అక్కడికి ఎట్లా చేరిందో కనుక్కునే పని నాది. ఇంటివాళ్లతో కూర్చుని చాయ్ తాగుతూ, ఆ రోజు ఎవరు ఎప్పుడు లేచారు, ఎవరు వచ్చారు, ఏం వండారు అని మెల్లగా అడుగుతాను. నా చదువు మూడో తరగతిలోనే ఆగింది కానీ, విన్న మాట మాత్రం మరిచిపోను. మా ఆయనకు ఇదంతా వేళాకోళం. "నువ్వూ నీ పిల్లీ కలిసి ఠాణా పెట్టుకోండ్రే, చాయ్‌పత్తి ఖర్చన్న ఎల్తది" అనేవాడు.

పోయిన వస్తువులు చాలానే దొరికాయి. ఒక్కసారి మాత్రం పోబోయిన మనిషి దొరికింది. చెప్పాలనుకున్నది ఆ సంగతే.

మా బిడ్డ, అల్లుడు ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. అల్లుడిది వర్ని దిక్కు ఊరు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటున్న కుటుంబం. వియ్యపురాలు మంచి మనిషి, కాకపోతే అన్నీ పద్ధతిగా జరగాలంటుంది. మాటకు ముందొకసారి, వెనకొకసారి 'అండీ' అంటుంది. మా బిడ్డ మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. మగపిల్లవాడు.

పిల్లవాడికి నీళ్లు పోయడానికి ఒక అవ్వ వచ్చేది. చర్చి వెనక వీధిలో ఒంటరిగా ఉంటుంది. నా బిడ్డకు కూడా ఆమే నీళ్లు పోసింది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పిల్లవాడిని బోర్లా వేసుకుని, గోరువెచ్చటి నూనెతో వీపు రుద్దుతుంటే వాడు ఏడుపు మరిచిపోయి గుర్రు పెట్టేవాడు. స్నానమయ్యాక నూనె వేలితో వాడి నుదుటి మీద చిన్న సిలువ గీసేది. ఆ పక్కనే నేను కాటుక బొట్టు పెట్టేదాన్ని. ఆ చిన్న నుదుటి మీద ఇద్దరి దేవుళ్లకూ జాగా సరిపోయింది.

తొట్టెల పండుగ ఆదివారం పెట్టుకున్నాము. మా ఇళ్లలో తొట్టెలలో ముందుగా పిల్లవాడిని వేయరు. పచ్చడి నూరే పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, బొట్టు కాటుక పెట్టి, పసిపిల్లకు చుట్టినట్టే గుడ్డ చుట్టి, తలకు టోపీ తొడిగి, ముందు దాన్ని పడుకోబెట్టి ఊపుతారు. వచ్చినవాళ్ల దిష్టి ఆ రాతిపిల్లకు తగలాలని, పిల్లవాడు రాయిలా గట్టిగా ఉండాలని. ఒకే పాత చీరను రెండుగా చింపి ఒక ముక్క రాతికి, ఒక ముక్క పిల్లవాడికి చుడతారు. మేము మా అత్త చీర చింపాము. పండుగ అయ్యాక ఆ పొత్రాన్ని మూటతోనే లోపల పెట్టేస్తే, మళ్లీ బుధవారం నాడు పిల్లవాడికి నీళ్లు పోసే ఆమే తన చేతులతో విప్పి, స్నానం చేయించి, పనిలోకి తీసుకోవాలి. అంతవరకూ ఎవరూ ముట్టుకోరు. ఇంట్లో మిక్సీ ఉంది కాబట్టి దానితో పని కూడా పడదు. ఇదంతా మాకు పుట్టినప్పటి నుంచి చూసిందే. అందుకే వియ్యపురాలికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆమె మనవడి కోసం ఒక నల్లతాడు తెచ్చింది. నడుమ సన్నటి బంగారు గుండ్లు గుచ్చి ఉన్నాయి. వాళ్ల ఆయన పసివాడుగా ఉన్నప్పుడు వేసుకున్నది, ఆ తర్వాత మా అల్లుడు వేసుకున్నది. ఆయన లేడిప్పుడు. తాడును రుమాలులో చుట్టి, బస్సు దిగి ఇంట్లోకి వచ్చేదాకా గుప్పిట తెరవలేదట.

పండుగ బాగా జరిగింది. సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయాక అవ్వ పిల్లవాడి గుడ్డలు విప్పి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి తెచ్చింది. వియ్యపురాలు వాడిని ఎత్తుకుని మెడ తడిమింది.

"తాడేదండీ?"

"ఏం తాడు? నేను సూడలే" అంది అవ్వ.

వియ్యపురాలు తన చేతులతో మెడ చుట్టూ వేసి, ఎవరి కళ్లూ పడకుండా గుడ్డ మడతలోకి దోపానంది. అల్లుడు ఫోన్‌లో తీసిన వీడియో పెట్టాడు. అందులో నిజంగానే ఆమె చాప మీద వంగి, టోపీ పెట్టుకుని పడుకున్న మూటకు తాడు వేసి మడతలోకి దోపుతోంది. చాప అంచున మా పిల్లి కూడా కూర్చుని చూస్తోంది. ఆ తర్వాత పిల్లవాడిని తొట్టెలలో వేశారు, వాడు అక్కడే నిద్రపోయాడు, నిద్ర లేచాక గుడ్డ విప్పింది అవ్వ ఒక్కతే. మా ఆయన గడప దిక్కు చూశాడు. నా బిడ్డ అవ్వ సంచి దిక్కు చూసి చప్పున కళ్లు తిప్పుకుంది. వియ్యపురాలు అవ్వనే చూస్తూ ఉండిపోయింది.

అవ్వ సంచి బోర్లించి దులిపింది. తమలపాకులు, సున్నపు డబ్బీ, నూనె మరకల గుడ్డ రాలాయి. కొంగు ముడి విప్పి చూపింది.

"కూసో అవ్వా. నిన్ను ఎవ్వరేమన్నరు?" అన్నాను.

"ఎవ్వరేమనలే బిడ్డా. గదే" అని, ఆకులు ఏరుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఆమె రాలేదు. నూనె కాచి పెట్టి ఎదురుచూశాను. పిల్లవాడు ఊరుకోకుండా ఏడుస్తున్నాడు. ఇంతలో పక్కింటి అక్క వచ్చి, బస్టాండ్ దగ్గర ఒక ఇంట్లో కొత్తగా పురుడైందని, నిన్నటి సంగతి వాళ్ల చెవిన పడి, అవ్వను వద్దని వేరే మనిషిని వెతుకుతున్నారని చెప్పింది. ఒక్క రాత్రిలో అంత దూరం పోయింది మాట. ఈ ఊళ్లో ఎంతమంది వీపులు రుద్దిన చేతులవి. ఆ చేతులను అనుమానిస్తే ఆమెకు కూలి ఒక్కటే కాదు పోయేది. ఆమె ఇక ఏ పసిబిడ్డనూ ఎత్తుకోదు. ఎత్తుకోవడానికి పసిబిడ్డలు తప్ప ఆమెకు ఎవరూ లేరు.

అప్పుడు గుర్తొచ్చింది పిల్లి. ఆదివారం నుంచి కనబడలేదు. ఇల్లంతా పిలిచి పిలిచి, ఆఖరుకు పొత్రం పెట్టిన వెనక గదికి పోయాను. గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తీసి చూస్తే లోపల అది. పొత్రం చుట్టూ ముడుచుకుని, గదుమ టోపీకి ఆనించి పడుకుంది, కన్నతల్లిలాగా. పాలు చూపించినా లేవలేదు. మా ఆయన వెనక నుంచి తొంగి చూసి, "పాపం, పిల్లల్లేక రాయిని సాదుకుంటుంది" అన్నాడు.

నాకూ ముందు అట్లాగే అనిపించింది. గది బయటికి వచ్చాక ఆగిపోయాను. అది జాలితో ఎక్కడా కూర్చోదు. పోయినదాని దగ్గరే కూర్చుంటుంది.

వెళ్లి మూట విప్పడానికి చెయ్యి రాలేదు. బుధవారం కాకముందు విప్పితే పిల్లవాడికి మంచిది కాదని ఒక భయం. నా ఇంట్లో నా చేతికే దొరికితే, అవ్వను కాపాడటానికి నేనే తెచ్చి పెట్టానంటారని ఇంకో భయం. అందుకని నాకు తెలిసిన పనే చేశాను. చాయ్ పెట్టి, అందరినీ కూర్చోబెట్టి, వీడియో మళ్లీ పెట్టమన్నాను. ఆ చిన్న తెర నా కళ్లకు ఆనదు. కళ్లు మూసుకుని విన్నాను. ఆడవాళ్ల పాట, తొట్టెల గొలుసుల చప్పుడు, వాటి వెనక సన్నగా ఒక ఏడుపు. చివర ఎక్కిళ్లు పెట్టే ఏడుపు, మావాడిదే.

"వీడు ఏడ ఏడుస్తుండు?" అని అడిగాను.

"లోపల నా దగ్గర్నే అమ్మా, పాలు తాగుతలేడని నేను..." అని నా బిడ్డ సగంలో ఆగిపోయింది. తెర మీద పిల్లవాడి నాయనమ్మ చాప మీది మూటకు తాడు దోపుతూనే ఉంది.

"మరి నేను ఎవరికి వేశానండీ?" అంది వియ్యపురాలు.

"మా పొత్రానికి వదినె."

ఆమెకు అర్థం కాలేదు. రాతిపిల్ల సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చాను. వింటూ వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎంత బుద్ధిగా పడుకున్నాడో అనుకున్నా వదినగారూ. ఇంత గోలలో, చెయ్యి తగిలినా కదల్లేదు. మా ఆయన పోలికేనని మురిసిపోయాను కూడానూ." మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు.

ఆమె వెంటనే గదిలోకి పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. విప్పాల్సిన చేతులు వేరే ఉన్నాయని, ఆ చేతులైతే బుధవారం కాకున్నా దోషం లేదని చెప్పాను. మూటను ఉన్నదున్నట్టే ఎత్తుకుని ఇద్దరం బయలుదేరాము. మలుపు దాకా నేను మోశాను, చేతులు గుంజితే ఆమె అందుకుంది. పిల్లవాడిని ఎండలో ఎక్కడికి తీసుకుపోతున్నారని గల్లీవాళ్లు తొంగి చూస్తే, ఆమె టోపీ మీద కొంగు కప్పింది. పిల్లి మా వెనక రాలేదు, మా ముందు నడిచింది. ఆ వీధికి అది ఎప్పుడూ పోయింది లేదు. అయినా వరసలో ఉన్న అన్ని గడపలూ దాటి, సరిగ్గా అవ్వ గడప ఎక్కి నిలబడింది.

అవ్వ అరుగు మీద పుంటికూర ఏరుతోంది. తలెత్తలేదు. వియ్యపురాలు మూటను ఆమె ఒడిలో పెట్టింది. చేతులు పడగానే అవ్వకు తెలిసిపోయింది. "పొత్రం గదా. బుధారం గాకముందే ఎందుకు తెచ్చిండ్రు?"

"నువ్వే ఇప్పాలె అవ్వా" అన్నాను.

చుట్టుపక్కలవాళ్లు వచ్చి నిలబడ్డారు. అవ్వ టోపీ తీసింది, ఒక మడత విప్పింది, రెండోది విప్పింది. నల్లతాడు ఆమె అరచేతిలోకి జారింది. గుండ్ల మీద ఎండ పడింది.

వియ్యపురాలు మంచి చీరతోనే నేల మీద కూర్చుంది. "మనవడనుకుని రాయికి వేశాను అవ్వా. నిన్నే చూస్తూ కూర్చున్నాను. తప్పయింది" అంది. ఆమె గొంతులో 'అండీ' కూడా లేదు.

అవ్వ తాడు చిక్కు తీసి చుట్టింది. "నీకు మా పద్ధతి తెల్వదు బిడ్డా" అని, నా దిక్కు ఒకసారి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. తర్వాత తాడును వియ్యపురాలి చేతిలో పెట్టి, కూర గంప లోపల పెట్టి లేచింది. "పొద్దుగాల్నుంచి పిల్లగానికి నీళ్లు పొయ్యలే గదా? నూనె కాచిండ్రా, ఇగ గదీ లేదా?"

వచ్చే దారిలో వియ్యపురాలు నేరుగా ఇంటికి రాలేదు. అవ్వను వెంటబెట్టుకుని బస్టాండ్ దగ్గరి ఆ ఇంటికి పోయి, తాను రాయిని ముద్దుచేసిన కథ తానే చెప్పి వాళ్లను నవ్వించింది. ఆ ఇంటి పిల్లకు కూడా ఇప్పుడు అవ్వే నీళ్లు పోస్తోంది. ఆ తర్వాత దొంగతనం మాట పోయి, ఆమె చెప్పిన కథే ఊరంతా తిరిగింది. అందుకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అవ్వకు అంతకంటే ఎక్కువ. ఆమె మళ్లీ మా గడప తొక్కకపోయినా అడిగే మొహం మాకు ఉండేది కాదు.

బుధవారం నాడు పిల్లవాడి స్నానం అయ్యాక, మిగిలిన వేడినీళ్లు పోసి పొత్రానికి స్నానం చేయించింది అవ్వ. ఆమె ఇంటి నుంచి మళ్లీ చుట్టి తెచ్చిన మా అత్త చీర ముక్కతోనే తుడిచింది. వియ్యపురాలు ఊరికి పోకుండా అది చూడటానికే ఆగింది. అవ్వ పొత్రాన్ని కాళ్ల మీద బోర్లా వేసుకుని, వీపు రుద్దుతూ, "లెవ్వురా కొడకా, నీ నాయినమ్మొచ్చింది, కండ్లు తెరిచి సూడు" అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది వియ్యపురాలే. పిల్లి మాత్రం ఆ రోజు పొత్రం దిక్కు చూడనైనా లేదు. అవ్వ సంచి పక్కన, ఎండలో ఒళ్లు చాపుకుని నిద్రపోయింది.